ప్రవళిక టీచర్ ఓటీపీ పాఠం

మా బడికి కంప్యూటర్లు వచ్చిన రోజున నేను కొబ్బరికాయ కొట్టించి, నాలుగింటికీ పసుపూ కుంకుమా పెట్టించాను. మర్నాటికల్లా అందులో రెండు మొండికేశాయి. మూడోది ఆన్ చేస్తే ఆఫ్ అయ్యేది కాదు. నాలుగోది బాగానే పనిచేసేది గానీ, మీటలు అక్కడక్కడా ఊడిపోయి దాని కీబోర్డు మా అత్తగారి పళ్ళవరసలా ఉండేది. రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాల మాది. మూడు పక్కలా అద్దాల మేడలు. ఆ మేడల్లో వాడి వాడి వదిలేసినవే మాకు దానంగా వచ్చాయి. వంకలు పెట్టలేదు. సంతకం పెట్టి తీసుకున్నాను.

నా పేరు సుబ్బలక్ష్మి. ఈ బడికి హెడ్‌మిస్ట్రెస్‌ని. పుట్టింది తణుకు దగ్గరే అయినా చదువూ ఉద్యోగమూ అంతా ఇక్కడే. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. పిల్లలు నన్ను ఎదురుగా ‘పెద్ద మేడం’ అంటారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు, అది ఇక్కడ రాయను. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటారు. అది అబద్ధమేమీ కాదు. ఇప్పుడు నేను చెప్పబోయేది నా గురించి కాదు, మా కంప్యూటర్ టీచర్ ప్రవళిక గురించి. కాకపోతే ఈ కథలో తప్పు చేసింది నేను. అందుకని మధ్యమధ్యలో దూరక తప్పదు.

మూడేళ్ళ క్రితం ఒక శనివారం, పక్కనున్న కంపెనీ నుంచి ఇరవై మంది పిల్లలు వచ్చారు. పాతికేళ్ళవాళ్ళని నేను పిల్లలనే అంటాను. అందరివీ ఒకే రంగు టీషర్టులు. ప్రహరీకి రంగు వేశారు, రెండు మొక్కలు నాటారు, ఫొటోలు దిగారు, సమోసాలు తిన్నారు, బస్సెక్కారు. ఒకమ్మాయి మాత్రం ఎక్కలేదు. వెళ్ళి చూస్తే కంప్యూటర్ గదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, జడలోని పిన్ను తీసి, మౌసు చక్రంలో ఇరుక్కున్న మట్టి గీకుతోంది.

“బస్సు వెళ్ళిపోతోందమ్మా” అన్నాను.

“పోనియ్యుండ్రి మేడం. నడిచి పోత. చిన్నప్పుడు ఈడికెళ్ళి ఇంటికి నడిచే పోయేటిదాన్ని గదా” అంది తలెత్తకుండానే.

అప్పుడు చూశాను మొహంలోకి. ఓరి దేవుడా, యాదయ్య కూతురు! ఇరవై ఏళ్ళ క్రితం, నేనింకా మామూలు టీచర్‌గా ఉన్నప్పుడు, ఈ బడిలోనే దానికి అక్షరాలు దిద్దించాను. ఏది చెప్పినా “ఎందుకు మేడం?” అనేది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే ఎందుకు. చెప్పులు బయట విడవమంటే ఎందుకు. విసుగొచ్చి దానికి ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టాను. చెవి కూడా మెలేశాను, ఇప్పుడు దాచడం ఎందుకు.

యాదయ్యది వనపర్తి వైపు. ఇక్కడ మేడలు లేస్తున్న రోజుల్లో సెంట్రింగ్ పనికి వచ్చాడు. భార్య అంజమ్మ ఇటుకలు మోసేది. మాదాపూర్‌లో రేకుల షెడ్డులో కాపురం. ప్రవళిక అక్కడే పెరిగి, ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చేసి, వాళ్ళ నాన్న సెంట్రింగ్ కొట్టిన మేడల్లోనే ఒకదానిలో ఉద్యోగం తెచ్చుకుంది. పదకొండో అంతస్తు. పాస్‌వర్డు మరిచిపోయినవాళ్ళు ఫోన్ చేస్తే కొత్తది ఇప్పించే పని.

“మేడం, పెద్ద పెద్ద ఇంజనీర్లు. పాస్‌వర్డు చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకుంటరు. దాని మీద మల్ల ‘ఎవ్వరికీ చెప్పొద్దు’ అని రాస్తరు” అని చెప్పి నవ్వేది.

ఆ శనివారం ఒక్క రోజుకని వచ్చిన పిల్ల, తర్వాతి శనివారం ఒంటరిగా వచ్చింది. ఆ తర్వాతిదీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి అక్కడ దాని ప్రాజెక్టు మూతపడింది. ఇంకో ప్రాజెక్టులోకి మారతావా అని వాళ్ళడిగితే వద్దంది. ఒక ట్రస్టువాళ్ళు కొద్దిపాటి జీతం ఇస్తామంటే మా బడికి కంప్యూటర్ టీచర్‌గా వచ్చేసింది. అంజమ్మ నా దగ్గరికి వచ్చి లబలబలాడింది. “ఏసీల కూసుండే కొలువిడిసి గీ సర్కారు బడికి వస్తదట మేడం! జర మీరన్న చెప్పుండ్రి” అంది. నేను చెప్పాను కూడా. ప్రవళిక అంతా విని, “ఆడ ఇరవై ఎనిమిదేండ్లోళ్ళకి చెప్పి చెప్పి యాష్టకొచ్చింది మేడం. ఇగ ఎనిమిదేండ్లోళ్ళకి చెప్పి చూస్త” అంది. అలా తేల్చి చెప్పాక ఇంక దాని మనసు మార్చడం ఎవరి తరం?

వచ్చిన మొదటి వారమే వరండా నేలమీద పసుపు రంగు పెయింటుతో పెద్ద కీబోర్డు వేసింది. ఒక్కో మీట పీటంత ఉంటుంది. నాలుగు కంప్యూటర్లకు అరవైమంది పిల్లలు, అందులో పనిచేసేవి రెండు. మరి వేళ్ళకు మీటలు దొరకనప్పుడు కాళ్ళకైనా దొరకాలి కదా. పిల్లలు ఒక్కొక్కరూ తమ పేరు గెంతాలి. తప్పు అక్షరం మీద కాలు పడితే వెనక్కి గెంతే మీట మీదికి దూకి మళ్ళీ మొదలు. పేరు పెద్దదైన పిల్లల కష్టం చూడాలి! మూడో తరగతి పద్మావతి తన పేరు పూర్తిచేసేసరికి మంచినీళ్ళడిగేది. నాలుగో తరగతి అఖిల మాత్రం కళ్ళు మూసుకుని గెంతేది. అంత చురుకు. తల్లి ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్, తండ్రి రాజేందర్ క్యాబ్ డ్రైవర్.

ఫైళ్ళంటే ఏమిటో చెప్పడానికి మా వంట సరోజమ్మ పోపులపెట్టె పట్టుకుపోయింది. ఆవాలన్నీ ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో, గిన్నెలన్నీ ఒక పెట్టెలో. పిల్లలకు అర్థమైపోయింది, సరోజమ్మకు మాత్రం ఆ రోజు పప్పులోకి పోపు లేకుండా పోయింది. ఆమె పెట్టిన కేకలు మెట్రో స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి.

పాస్‌వర్డు పాఠం ఇంకా తమాషా. మూడు సంబంధం లేని మాటలు కలిపి ఎవరి రహస్యం వాళ్ళు తయారు చేసుకోవాలి. జశ్వంత్ అని ఒక గడుగ్గాయి ఉన్నాడు. తన రహస్యం ఎంత బాగా కుదిరిందో చూడమని వాడు దాన్ని క్లాసంతటికీ అరిచి చెప్పాడు. “ఇగ అది చచ్చిపోయింది, కొత్తది చేస్కో” అంది ప్రవళిక. వారంలో వాడు పదకొండు రహస్యాలు చంపాడు. పన్నెండోది ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వాడికైనా గుర్తుందో లేదో.

ఇంత చిన్న పిల్లలకు ఈ జాగ్రత్తలన్నీ ఎందుకు, పెద్ద తరగతుల్లో చెప్పుకుంటారులే అని నేను ఒకసారి అన్నాను. ప్రవళిక నన్ను వరండాలోకి పిలిచి పిల్లలను అడిగింది. “మీ ఇంట్ల ఫోన్ ఎవరిది?” అంటే అందరూ “నాయినది”, “అమ్మది” అన్నారు. “మెసేజొస్తే చదివేదెవరు?” అంది. అరవై చేతులు లేచాయి. నిజమే కదా. వాచ్‌మన్ ఉద్యోగాలు, ఇళ్ళలో పనులు చేసుకునే తల్లిదండ్రులకు ఆ ఇంగ్లీషు మెసేజ్‌లు చదివి పెట్టేది ఈ పిల్లలే. గ్యాస్ బండ నంబరు చెప్పేది వీళ్ళే. బ్యాంకు నుంచి వచ్చిన అంకెలు చదివేదీ వీళ్ళే. ఎనిమిదేళ్ళ పిల్లలు ఇంటికి ద్వారపాలకులు.

అప్పుడు నాలో ఉన్న పెద్ద మేడం నిద్ర లేచింది. పై అధికారులు తనిఖీకి రాబోతున్నారు. ఏదైనా ఒక నినాదం ఉంటే బాగుంటుందనిపించింది. ఒక ఆదివారం కూర్చుని నేనే కట్టాను: ‘ఓటీపీ అడిగేవాడు దొంగ! ఓటీపీ చెప్పేవాడు వెర్రి వెంగళప్ప!’ ఎంత బాగా కుదిరిందో! నాకు నేనే మెచ్చుకుని, మా ఆయనకు మూడుసార్లు వినిపించాను.

ప్రవళిక విని మొహం చిన్నబుచ్చుకుంది.

“మేడం, గట్ల గాదు. అడిగినోడల్లా దొంగ గాదు గదా. ఎవరు అడుగుతుండ్రు, ఎందుకు అడుగుతుండ్రు, మనం పిలిస్తే వచ్చినోడా, తనంతట తనొచ్చినోడా? గీ మూడు ప్రశ్నలు నేర్పిద్దాం. నినాదం నోటికొస్తది గని బుర్రకెక్కది.”

“ఎందుకమ్మా, నీ ఎందుకులు ఇంకా మానలేదా? చిన్నపిల్లలకు మూడు ప్రశ్నలేమిటి, తికమకపడతారు. ఒక్క మాట, గట్టి మాట చెప్పాలి” అన్నాను. ఆ రోజే పెయింటర్‌ని పిలిపించి ప్రహరీ మీద ఎర్ర అక్షరాలతో రాయించాను. రోజూ ప్రార్థన అయ్యాక సగంమంది “ఓటీపీ అడిగేవాడు” అంటే మిగతా సగం “దొంగ!” అని అరవాలి. తనిఖీకి వచ్చినాయన చప్పట్లు కొట్టాడు. నేను పొంగిపోయాను.

పదిహేను రోజులు గడిచాయి. ఒక గురువారం సాయంత్రం మండల ఆఫీసులో మీటింగ్. బయట కుంభవృష్టి. బడి వదిలిన పిల్లలంతా గేటు పక్క రేకుల కింద నిలబడి అమ్మల కోసం చూస్తున్నారు. నేను ఫోన్‌లో క్యాబ్ పిలిచాను. రెండు నిమిషాల్లో తెల్లకారు వచ్చి గేటు ముందు ఆగింది. చూస్తే డ్రైవర్ ఎవరు, మన అఖిల తండ్రి రాజేందర్! బడి వదిలే వేళకు అఖిలను ఇంటి దగ్గర దింపుదామని ఆ చుట్టుపక్కలే ఉంటాడు. బడి నుంచే బుకింగ్ వచ్చేసరికి, పెద్ద మేడమే కదా, దింపి వద్దామని ఒప్పుకున్నాడట.

నేను గొడుగు మూసి వెనక సీట్లో కూర్చున్నాను. అతను అద్దం దించి కూతురికి చెయ్యి ఊపి, నా వైపు తిరిగి మామూలుగా అడిగాడు.

“మేడం, ఓటీపీ చెప్పుండ్రి.”

“నాలుగు, ఏడు, రెండు, సున్నా” అన్నాను హాజరు పిలిచినంత గట్టిగా. వాన చప్పుడు మరి.

రేకుల కింద నుంచి జశ్వంత్ గొంతు ఖంగుమంది. “ఓటీపీ అడిగేవాడు...”

అరవై గొంతులు లేచాయి. “దొంగ!”

“ఓటీపీ చెప్పేవాడు...”

“వెర్రి వెంగళప్ప!”

నేను నేర్పించిన తాళంలోనే, నేను నేర్పించినంత గట్టిగానే. నాకు తల కొట్టేసినట్టయింది. రాజేందర్ ముందు నవ్వబోయాడు. ఏదో పిల్లల ఆట అనుకున్నట్టున్నాడు. అంతలో కూతురి వైపు చూశాడు. అఖిల ఊపుతున్న చెయ్యి దించేసింది. నాన్న వైపు చూసింది, గోడ మీది ఎర్ర అక్షరాల వైపు చూసింది, గిరుక్కున తిరిగి ఎవరి కోసమూ ఆగకుండా వానలో ఇంటివైపు పరుగెత్తింది. మండల ఆఫీసు దాకా రాజేందర్ ఒకే ఒక్క మాట మాట్లాడాడు. “ఏసీ తగ్గియ్యాల్నా మేడం?” అని. నా నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుందని పేరు. ఆ రోజు మూతపడింది.

మర్నాడు అఖిల బడికి రాలేదు. శనివారమూ రాలేదు. సోమవారం పొద్దున్నే రాజేందర్ వచ్చాడు. కారు గేటు ముందు ఆపి, కూతుర్ని వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. పిల్ల గుమ్మం బయట చెప్పుల దగ్గరే నిలబడిపోయింది. సంచీ తేలేదు.

“మేడం, మా పాప టీసీ ఇయ్యుండ్రి. వేరే బడిల ఏస్త” అన్నాడు.

“కూర్చో బాబూ. పిల్లలేదో...”

“పిల్లలని నేనేమంటలేను మేడం. పిల్లలు మీరు చెప్పిందే చెప్పిండ్రు.” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. “దినాం ఇరవై మందిని ఓటీపీ అడుగుత నేను. అడగకుంటె బండి కదలది. గా దినం ఇంటికి పోయినంక నా బిడ్డ నన్ను ఏమడిగిందో ఎర్కేనా? ‘నాయినా, నువ్వు అందరియి అడుగుతవట, నిజమేనా?’ అని. నవ్వుకుంట అడగలే మేడం. భయపడుకుంట అడిగింది. మూడు దినాలాయె, నా ఫోన్ ముట్టలే. నాకొచ్చిన మెసేజ్ సదివి పెట్టమంటే మూలకు పోయి కూసుంటది. నేను ఏడో తరగతి తప్పినోన్ని. దానికి తిరిగి ఏం చెప్పాలో నాకు తెల్వలే.”

అతని కళ్ళు ఎర్రబడ్డాయి. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా! గోడ మీద రాయించి, నోటితో పలికించి, నలుగురి ముందూ ఆ ఓటీపీ నేనే అరిచి చెప్పి, చివరికి తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళలో దాని తండ్రిని దొంగను చేశాను. మంచి పిల్ల, మా బడిలో అందరికన్నా చురుకైన పిల్ల, నా మూలాన వెళ్ళిపోతోంది. బీరువాలోంచి టీసీ పుస్తకం తీసి బల్లమీద పెట్టాను గానీ, కలం పట్టుకోబుద్ధి కాలేదు.

“రాజేందర్, ఆ మాట నేను కట్టింది. తప్పు పూర్తిగా నాది. మా టీచర్ అప్పుడే వద్దంది, నేనే వినలేదు” అన్నాను. ఇరవై ఏడేళ్ళలో ఒక పిల్ల తండ్రితో ఈ మాట అనడం అదే మొదటిసారి.

అతను తల ఊపాడు. “మంచిది మేడం. టీసీ ఇయ్యుండ్రి” అన్నాడు.

ప్రవళిక అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటోంది. లోపలికి వచ్చింది.

“అన్నా, టీసీ యాడికీ పోదు. ఈ బల్ల మీదనే ఉంటది, గంటయినంక తీస్కపో. ఈ గంట మాత్రం మా పిల్లలకు పాఠం చెప్పాలె నువ్వు.”

“నేనా? పాఠమా?”

“ఓటీపీ పాఠం. దినాం ఇరవైసార్లు అడిగేటోడివి. నీకు తెల్సినంత ఈ హైటెక్ సిటీల ఎవనికి తెల్సు?”

అతను కదల్లేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. “నా బిడ్డ ముంగటనా? ఇంకోసారి దొంగ అనిపించుకోనీకా?” అన్నాడు.

ప్రవళిక అతని ఎదురు కుర్చీలో కూర్చుంది. “మా నాయిన ముచ్చట ఒకటి చెప్త, ఇను. నేను పని చేసిన మేడ ఆయన సెంట్రింగ్ కొట్టిందే. ఒకసారి ఇంటోళ్ళని తీసుకరావచ్చు అంటే నాయిన్ని తీసుకపోయిన. గేటు కాడ ఆపిండ్రు. ఎవరు నువ్వు, కార్డేది, ఎవరికోసం వచ్చినవ్ అన్నరు. నాకు కోపంతోటి వొళ్ళు మండింది. ఈ మేడ కట్టినోన్నే ఎవరని అడుగుతరా అని లొల్లి పెట్టిన. మా నాయిన నన్ను ఆపి, ‘అడగనీ బిడ్డా. అడగకుంటె అది గేటెట్లయితది’ అన్నడు. అన్నిటికీ జవాబు చెప్పి, సంతకం పెట్టి, దర్జాగ లోపలికి నడిచిండు. అన్నా, నీ బిడ్డ నిన్ను ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు చెప్పకుండ టీసీ తీస్కపోతె, గా ప్రశ్న జిందగీ అంతా దాని మనసులనే ఉంటది.”

రాజేందర్ లేచి, జేబులోంచి కారు తాళం తీశాడు.

“బండి లోపలికి తేవాల్నా?” అన్నాడు.

తెల్లకారు మా బడి ఆవరణలోకి వచ్చింది. అరవైమంది పిల్లలు చుట్టూ చేరారు. అఖిల ఒక్కతే దూరంగా వరండా స్తంభం పక్కన నిలబడింది. ముందు నేను మాట్లాడాను. “పిల్లలూ, గోడ మీది మాట రాసింది నేను. అది తప్పు. ఆ రోజు ఓటీపీ చెప్పింది కూడా నేనే. మరి వెర్రి వెంగళప్ప ఎవరు?” అన్నాను. జశ్వంత్ మెల్లగా చెయ్యెత్తి, “మీరే మేడం” అన్నాడు. “శభాష్” అన్నాను. పళ్ళు కొరుక్కుంటూనే అనుకోండి.

రాజేందర్ బానెట్‌కి ఆనుకుని మొదలుపెట్టాడు. మొదట మాట తడబడింది. కాసేపటికి కుదురుకుంది.

“ఒక దినం సైబర్ టవర్స్ కాడ గిట్లనే వాన. కుమార్ అని బుకింగ్ వచ్చింది. ఒకాయన ఉరికొచ్చి ఎక్కిండు. కుమారేనా సార్ అంటే అవునన్నడు. నిజంగనే కుమారే. గని ఓటీపీ చెప్తే నా ఫోన్ తీసుకోలే. ఏందంటె, ఎనకాల ఇంకో కుమార్ నిలబడ్డడు, నా బుకింగ్ గాయినది. ఎక్కినాయన బాలానగర్ పోవాలె, నేను పోయేది గచ్చిబౌలి. ఓటీపీ లేకుంటె గాయన్ని యాడ దింపుదునో! సమజైందా? ఎక్కినోడు సరైనోడు, బండి సరైన బండి అని తెల్సుకునే అంకె అది.”

“మరి ఎవలడిగినా చెప్పాల్నా?” అని అడిగింది పద్మావతి.

“వద్దు బిడ్డా! బండి వచ్చి నీ ముంగట నిలబడ్డంక, నంబరు చూసి, నీ కోసమే వచ్చిందని తెల్సినంక చెప్పాలె. ఫోన్ల అడిగితే నేనడిగినా సరే చెప్పొద్దు.” ఆగి, మెడ గోక్కున్నాడు. “తొందరల ఒకటి రెండుసార్లు నేను గూడ ఫోన్ల అడిగిన. తప్పే. ఇగ అడగ.”

“బ్యాంకు పేరుతోటి అంకెలొస్తే?” అంది ప్రవళిక.

“గవి మాత్రం ఎవ్వనికీ చెప్పొద్దు. పోలీసన్నా, బ్యాంకోన్నన్నా, లాటరీ అన్నా, ఫోన్ పెట్టెయ్యాలె. నాకు గూడ రెండుసార్లు వచ్చినయ్ గసొంటి ఫోన్లు.” దూరంగా ఉన్న కూతురి వైపు చూశాడు. “మా బిడ్డ చదివి, ఇది మోసం నాయినా అని చెప్పింది. అందుకే బచాయించిన.”

పిల్లలందరూ అఖిల వైపు తిరిగారు. ఆ పిల్ల మొహంలో ఏదో మెదిలింది గానీ స్తంభం వదల్లేదు.

ప్రవళిక రెండు చీటీలు చింపింది. ఒకదాని మీద కారు నంబరు రాసి, కింద నాలుగంకెలు వేసి, వరండాలోకి వెళ్ళి అఖిల చేతిలో పెట్టింది. రెండోదాని మీద ఆ నాలుగంకెలే వేసి, మడిచి, రాజేందర్ జేబులో పెట్టింది. “అఖిలా, ఇగ నువ్వు ప్యాసింజర్‌వి. మూడు ప్రశ్నలు అడగాలె: ఎవరు, పిలిస్తే వచ్చినోడా, ఎందుకు అడుగుతుండు. ఒక్కటి గూడ ఇడిసిపెట్టొద్దు. నీ నాయినే గదా అని అస్సలు ఇడిసిపెట్టొద్దు” అంది.

అఖిల కాసేపు చీటీ చూసుకుంటూ నిలబడింది. తర్వాత మెట్లు దిగి, గుంపులోంచి నడిచి కారు దాకా వచ్చింది. రాజేందర్ డ్రైవర్ సీట్లో కూర్చుని, అద్దం దించి, ఎవరితోనైనా అన్నట్టే అన్నాడు.

“మేడం, ఓటీపీ చెప్పుండ్రి.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. అఖిల నవ్వలేదు. జవాబూ చెప్పలేదు. కారు వెనక్కి వెళ్ళి నంబరు ప్లేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేలమీది కీబోర్డు మీద గెంతి నేర్చుకున్న అక్షరాలన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చదివి, చీటీతో సరిచూసుకుంది. లేచి అద్దం దగ్గరికి వచ్చింది.

“నీ పేరేంది?”

“రాజేందర్.”

“నేను పిలిస్తే వచ్చినవా, నీ అంతట నువ్వే వచ్చినవా?”

“మీరు పిలిస్తేనే వచ్చిన మేడం.”

“అంకె ఎందుకడుగుతున్నవ్?”

“నిన్ను తప్పు జాగల దింపకుండ బిడ్డా.”

అఖిల వెనక్కి తిరిగి జశ్వంత్ వైపు అనుమానంగా చూసింది. వాడి చెవులు చాలా పదునని అందరికీ తెలుసు. కాలి మునివేళ్ళ మీద లేచి, అద్దంలోంచి తల లోపలికి పెట్టి, నాన్న చెవిలో రహస్యంగా అంకెలు చెప్పింది. అతను జేబులోని చీటీ తీసి చూసుకుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు. వెనక తలుపు తెరిచాడు. పిల్ల ఎక్కి, మహారాణిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

“ఇగ యాడికి పోవాల్నో చెప్పుండ్రి మేడం” అన్నాడు రాజేందర్. నా గది వైపు, బల్లమీద తెరిచి ఉన్న టీసీ పుస్తకం వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ అద్దంలోంచి కూతురి మొహం చూశాడు. “ఇంటికా?”

ప్రవళిక చేతులు కట్టుకుని నిలబడింది.

అఖిల వేలు చాపి వరండా చివరి గది చూపించింది.

“నాలుగో తరగతికి” అంది.

కారు స్టార్టయింది. ముప్పై అడుగుల దూరం. నడిచేవాళ్ళకన్నా మెల్లగా వెళ్ళింది. పిల్లలంతా పక్కన పరుగెత్తారు. నేను కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి, టీసీ పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను.